పొట్టు తియ్యని పూర్ణం

మా మత్సుఎ ఊళ్లో తేనీటి విందులకు మిఠాయి చేసే కొట్లలో తోమియోది బాగా పాతది. భర్త పోయాక ఆవిడే నడిపింది. ఎర్రటి అజుకీ గింజలు ఉడకబెట్టి, పొట్టు వడకట్టి, వెన్నలాంటి తీపి పూర్ణం తీయడంలో ఆ కొట్టుకు పేరు. పొట్టు మాత్రం రోజూ బకెట్లకొద్దీ పందులకు పోయేది.

ఒక శరత్కాలంలో పెద్ద విందుకు లోపల పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికించే మంజూ బన్నులు రెండు వందలు కావాలని కబురొచ్చింది. తోమియో జల్లెడ ముట్టుకోలేదు. మరిది గెంజిరో గిన్నెలోకి తొంగిచూసి అదిరిపడ్డాడు.

"ఇదేంటి వదినా, వడకట్టలేదా? పొట్టు పూర్ణం కూలోళ్లు తినేది. పెద్దమనుషుల పళ్లలో ఇరుక్కుంటే?"

"పుల్లతో తీసుకుంటార్లే."

"అన్నయ్య ఉంటే ఇలా చేసేదానివా?"

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "యుద్ధం అయిన ఏడాది మా అమ్మ ఇలాంటి కొట్టు వెనక నిలబడి, పారేసే పొట్టు అడుక్కొచ్చేది. ఉప్పేసి ఉడికించి మా ముగ్గురికీ పెట్టేది. అది తినే బతికాం గెంజిరో. ఇన్నేళ్లు పందులకు పోశాను. ఇక పొయ్యను."

బన్నులు వెళ్లినట్టే వెళ్లి, విందువాళ్లు పొట్టు చూసి వద్దనడంతో మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. తోమియో ఆ పెట్టెలు బండిలో పెట్టుకుని నూలు మిల్లు గేటు దగ్గర నిలబడింది. షిఫ్టు దిగిన అమ్మాయిలు ఒక్కటీ మిగల్చలేదు. వారం తిరిగేసరికి వాళ్లే కొట్టుకు వచ్చారు.

"అక్కా, మూడ్రోజులకోసారి కూడా కదలని కడుపు, ఇప్పుడు పొద్దున్నే సైరన్ కంటే ముందే!" అని ఒకమ్మాయి పగలబడి నవ్వింది.

వెంట వచ్చిన మిల్లు నర్సు నవ్వలేదు. "పీచంతా పొట్టులోనే ఉంటుంది, మంచిదే. కానీ చక్కెర చక్కెరే. పీచుందని పది లాగించకండి," అంది.

ఆ మాట తోమియోకి గుచ్చుకుంది. గింజలెంతో చక్కెరా అంతే పోయడం ఆ కొట్టు పద్ధతి. దాన్ని సగానికి తెచ్చింది. చక్కెర తగ్గితే పూర్ణం తొందరగా పాడవుతుంది కనుక ఏ రోజుది ఆ రోజే చేసి, అయిపోగానే తలుపు మూసేది.

గెంజిరో ఎదురుగా సొంత కొట్టు పెట్టాడు. విందులన్నీ అతనికే వెళ్లాయి. ఒకరోజు మిఠాయివాళ్ల సంఘం పెద్ద వచ్చాడు.

"కొట్టు బోర్డు మీద 'పొట్టుతో' అన్న ఆ మాటేంటమ్మా? ఊరి పరువు పోతోంది. చెరిపించెయ్యండి."

"అక్షరాలు సరిగ్గా కనబడట్లేదా? ఉండండి, పెద్దగా రాయిస్తా."

రాయించింది కూడా. ఎనభై దాటేదాకా ఆ పొయ్యి ముందు నిలబడింది. విందులవాళ్లు మళ్లీ రాలేదు. ఆవిడా పిలవలేదు.