రెండో బుధవారం, అష్టమి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను గుడివాడ నుంచి దివిసీమకు బదిలీ చేశారు. హోదా మహిళా ఆరోగ్య సూపర్‌వైజర్. ఆరుగురు ఏఎన్‌ఎంల పని చూడాలి, వాళ్ల రిజిస్టర్లు తనిఖీ చేయాలి, నెలాఖరుకు మెడికల్ ఆఫీసర్ గారికి నివేదిక ఇవ్వాలి. నా పరిధిలో ఒక లంక ఉండేది. చుట్టూ కృష్ణ పాయలు, మడ అడవి, అవతల సముద్రం. చేపల వేట మీద బతికే అరవై కుటుంబాలు. పడవ తప్ప దారి లేదు.

లంకలో టీకాల రోజు ప్రతి నెలా రెండో బుధవారం. ఆ రోజు వెళ్లే సువర్ణ అనే ఏఎన్‌ఎం నేను వచ్చేసరికి రెండు నెలలుగా లంక చేరలేకపోయింది. పాయ మలుపు దాకా వెళ్లి, నీళ్లు చాలక పడవ తిప్పుకొచ్చేసేదట. పదకొండు మంది పిల్లల టీకాలు ఆగిపోయాయి. నేను చేరిన వారంలోనే నివేదిక పైకి పోవాలి. రిజిస్టర్‌లో టీకా పడని ప్రతి బిడ్డకూ కారణం రాసే గడి ఒకటి ఉంటుంది, నివేదికలోకి అదే ఎక్కుతుంది. 'సెషన్ జరగలేదు' అని రాస్తే జిల్లా కార్యాలయానికి మేము సంజాయిషీ ఇచ్చుకోవాలి. నేను కుర్చీలోంచి లేవకుండా పదకొండు గళ్లలోనూ 'తల్లులు రాలేదు' అని రాసేశాను. సువర్ణ అది చూసింది.

జూలైలో పక్క లంకలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసిందని ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. తట్టు గాలిలో పాకే జబ్బు. ఆ పదకొండు మందికీ పడాల్సింది తట్టు టీకాయే. వచ్చే బుధవారం దాకా ఆగితే పున్నమి పోటుకు పాయలో నీళ్లు పెరుగుతాయనీ, పడవ నేరుగా రేవుకు పోతుందనీ సువర్ణ చెప్పింది. నాకు ఒళ్లు మండింది. క్యాలెండర్ చూసి డ్యూటీ చేయాలిగానీ పంచాంగం చూసి కాదని కసిరి, ఆ రెండో బుధవారం ఆమెను వెంటబెట్టుకుని నేనే బయలుదేరాను. ముప్ఫై ఏళ్లు ఆటో ఎక్కి టీకాలు వేసినదాన్ని. నీళ్లకూ తిథికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?

వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్ ప్యాక్‌లు నాలుగు పెట్టుకున్నాం. గడ్డకట్టినవి వెంటనే పెట్టకూడదు, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాలి. మలుపు దగ్గర పడవ నడిపే ఏడుకొండలు గారు వెనక్కి పోదామన్నారు. నేను పోనివ్వమన్నాను. ఊరు కనిపిస్తుండగా పడవ బురదలో దిగబడింది. రేవు ఇంకా రెండొందల గజాలు.

"ఇయ్యాల అష్టమండీ. పోయిన్నెల నవమి, అంతకుముందు దశమి. ఈ రోజుల్లో పోటు పైకి రాదు. లంకోళ్ల పడవలు కూడా కదలవు," అన్నారాయన నెమ్మదిగా.

అప్పుడు రేవులో ఆడవాళ్లు కనిపించారు. ఒకరితో ఒకరు ఏదో అనుకుని ఇళ్లలోకి పోయారు. మమ్మల్ని చూసి ముఖం చాటేశారనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల చేతుల్లో చేపలు మోసే పెద్ద సిల్వర్ బేసిన్లు ఉన్నాయి. వాటిలో పాత చీరలు పరిచి, పిల్లలను కూర్చోబెట్టి, తొడల లోతు బురదలోకి దిగారు. బేసిన్లు బురద మీద జారుతూ వస్తుంటే తల్లులు వెనక నుంచి తోస్తున్నారు. అడుగు తీసి అడుగు వేయడానికి ఒంట్లో బలమంతా కూడదీసుకోవాల్సిన చోట, ఒక్క బేసినూ ఒరగలేదు. ఓ బిడ్డ నిద్ర కూడా లేవలేదు. నా ఉద్యోగంలో ఎన్నో శిబిరాలు చూశాను, ఎందరో మంత్రుల రాకపోకలు చూశాను. అంత గొప్ప దృశ్యం మాత్రం చూడలేదు.

అందరికంటే ముందు చేరింది నాగమణి. ఒడిలోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన టీకాల కార్డు తీసి ఇచ్చింది. బేసిన్‌లో ఆమె రెండో కూతురు, పది నెలల పిల్ల. పెద్దదానికి తట్టు పోసి రెండు చెవులూ పోయాయట. ఆ పిల్ల రేవు గట్టున నిలబడి మావైపే చూస్తోంది.

"రెండు బుధారాలు పొద్దుగూకిందాకా రేవులోనే నిలబడ్డామమ్మగారూ. మీరు రాలేదు," అంది నాగమణి. నిష్ఠూరంగా కాదు, జరిగింది చెప్పినట్టే.

సువర్ణ నా వైపు చూడలేదు. సీసా తెరిచి మందు కలిపింది. కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి. పడవ అంచు మీదే ఒక్కొక్కరికీ కుడి భుజానికి వేసింది. పదకొండు మంది. వేశాక అరగంట కనిపెట్టుకుని ఉండాలి, అది నియమం. చెప్పగానే సరేనన్నారు. పిల్లలను పడవలో మాకు అప్పగించి, తాము బురదలోనే అరగంట నిలబడ్డారు. ఎండ మాడుస్తోంది. ఒక్కరూ విసుక్కోలేదు.

ఆ నెల నుంచి లంక టీకాల ప్రణాళికలో తేదీ పక్కన తిథి గడి చేర్పించాను. ఆ గడి ఎందుకని మెడికల్ ఆఫీసర్ గారు అడిగితే, పడవ ఎక్కి చూడమన్నాను. పోటు ఉండే బుధవారమో శనివారమో సువర్ణే ఎంచుకునేది. నేను ఉన్నన్నాళ్లూ ఆ ఊళ్లో తట్టు రాలేదు.

ఈ ఉద్యోగంలో తల్లులు రాలేదని రాసే ముందు, మనం వెళ్లామా అని చూసుకోవాలి. నేను నేర్చుకున్నది ఇంతే. రిజిస్టర్‌లో కొట్టివేత ఉన్న ప్రతిచోటా పొట్టి సంతకం పెట్టాలన్నది నియమం. ఆ సాయంత్రం పదకొండు గళ్లలో 'తల్లులు రాలేదు' కొట్టేసి, 'మేము వెళ్లలేదు' అని రాసి, పదకొండు పొట్టి సంతకాలు పెట్టాను. మర్నాడు సంజాయిషీ కూడా నేనే రాసుకున్నాను.