టీ బండి ఆమె గొంతు

సినిమాల్లో జనం ఉంటారు. సంతలో, బస్టాండులో, ఆసుపత్రి వరండాలో. తెర మీద వాళ్లు నోళ్లు కదుపుతారు కాని షూటింగులో వాళ్లనెవరూ మాట్లాడనివ్వరు. ఆ మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లో, మైకు చుట్టూ నిలబడ్డ ఏడెనిమిది మంది చెబుతారు. ఛత్రినాకలో ఉండే వైకుంఠం పెళ్లికి ముందు నుంచీ చేస్తున్న పని అదే. కూరగాయలు బేరమాడతాడు, బస్సాపమని అరుస్తాడు, శవం దగ్గర గొణుగుతాడు. తెర మీద ఎక్కడా ఆయన పేరు పడదు.

గల్లీలో మాత్రం అందరికీ తెలుసు. క్షవరం షాపు రాజన్న ప్రతి కొత్త సినిమాకూ అడిగేవాడు. "ఏం వైకుంఠమన్నా, గీ సిన్మాల నువ్వేడున్నవ్? కొట్టేటోళ్లలనా, కొట్టించుకునేటోళ్లలనా?"

"రెండిట్ల," అనేవాడు వైకుంఠం.

ఈ మధ్య పిలుపులు తగ్గాయి. సినిమాలు తగ్గలేదు. ఒక్కో సినిమా అయిదు భాషల్లో వస్తోంది, ఊరి అవతల కొత్త స్టూడియోలు లేస్తున్నాయి, మన సినిమా ఎక్కడెక్కడ ఆడిందో టీవీలో గొప్పగా చెబుతున్నారు. కాని జనం గోలకు ఇప్పుడు జనం అక్కర్లేదు. ఒక మనిషి అరిచింది తీసుకుని వందమంది అరిచినట్టు చేసే పరికరం వచ్చింది. పాత సంత గోలే అయిదు భాషలకూ సరిపోతోంది. వైకుంఠానికి చిన్న చిన్న పాత్రల కోసమో, కొత్తవాళ్లకు మాట నేర్పడానికో అప్పుడప్పుడు ఫోను వచ్చేది.

ఆ పనిలో ఒక మర్యాద ఉంది. మైకు ముందు నిలబడ్డవాళ్లు తమకంటే ముందు ఆ పాత్రకు ఎవరు చెప్పారని అడగకూడదు. ఒకరు చెప్పింది నచ్చక ఇంకొకరిని పిలవడం ఎప్పుడూ ఉండేదే. అడిగితే చెప్పేవాళ్ల గొంతు వణుకుతుంది, పాత్ర పోయినవాళ్ల పేరు బజారున పడుతుంది. సినిమా విడుదలయ్యే దాకా ఏ సినిమాకు చెప్పామో బయట చెప్పకూడదు కూడా. వైకుంఠం ఈ మర్యాద ఎన్నడూ తప్పలేదు. తాను పనికి తీసుకెళ్లిన ప్రతి మనిషికీ బస్సులోనే ఇది చెప్పేవాడు.

ఆయన మొదట తీసుకెళ్లింది భార్య సుశీలను. జనంలో ఆడగొంతు తక్కువైందని ఒక రోజు వెంటబెట్టుకుపోయాడు. ఆమె సిగ్గుపడుతూనే మాట్లాడింది, ఆ తర్వాత మానలేదు. స్రవ్య కడుపులో ఉండగా ఒక దర్శకుడు గుంపులోంచి ఆమె గొంతు పట్టుకున్నాడు. స్టేషను బయట టీ బండి నడిపే ఆడమనిషి పాత్రకు ఆమె చేతే చెప్పించాడు. దారి తప్పిన హీరోయిన్ బండి దగ్గర నిలబడి ఏడుస్తుంది. టీ బండి ఆమె గ్లాసులు కడుగుతూ తలెత్తి చూస్తుంది. "బిడ్డా, ఏడిస్తె తొవ్వ దొరుకుతదా? ముందుగాల మొఖం కడుక్కో. నేనొస్త నీయెంట."

గుంపులో కలిసినవి పోను, సుశీల మొత్తం సినిమా జీవితం ఆ మూడు ముక్కలే. "బిడ్డా" అనే ముందు ఆమె చిన్న ఊపిరి తీసుకునేది. ఎదుటి మనిషిని అప్పుడే చూసినట్టు. ఇంట్లోనూ అంతే. వైకుంఠాన్ని పిలిచినా, పాలవాణ్ణి పిలిచినా ముందు ఆ ఊపిరి వినిపించేది.

సినిమా రెండో వారంలో ఆ సీను తీసేశారు. కథ సాగుతోందన్నారు. తర్వాత టీవీలో వచ్చినా, ఫోనుల్లో వచ్చినా ఆ కత్తిరించిన బొమ్మే. స్రవ్యకు మాటలు రాకముందే సుశీల కామెర్లతో పోయింది. పెళ్లి క్యాసెట్ ఉంది. దాన్ని తీసినతను మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేశాడు. అందులో సుశీల నవ్వుతుంది, ఎవరితోనో ఏదో అంటుంది, పైన పాట నడుస్తుంటుంది. స్రవ్య చిన్నప్పుడు టీవీకి చెవి ఆనించి వినేది, పాట కింద ఏమైనా దొరుకుతుందేమోనని.

ఇప్పుడు ఆమె ఉస్మాన్‌గంజ్‌లో ఒక ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు చేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి దగ్గుతూ చున్నీ దులుపుకుంటుంది. తల్లి గురించి అడగడం ఎప్పుడో మానేసింది. ఎందుకంటే ఒకసారి, "అమ్మ గొంతు ఎట్లుండె?" అంటే వైకుంఠం చాలాసేపు ఆలోచించి, "మంచిగుండె" అన్నాడు. జనమందరి గొంతులూ చేసేవాడు అంతకు మించి చెప్పలేకపోయాడు.

వానాకాలంలో డబ్బింగ్ మనుషులను కుదిర్చే డానియేలు ఫోను చేశాడు. పాత బస్తీ మాట చక్కగా వచ్చే నడివయసు ఆడగొంతు కావాలన్నాడు. రెండు ముక్కలే, కొత్తామె అయినా ఫికర్ లేదన్నాడు. వైకుంఠం అమలను తీసుకెళ్లాడు. అమల దబీర్‌పురా స్టేషను దగ్గర జాకెట్లు కుడుతుంది. ఆయన దగ్గర ఈ పని నేర్చుకుంటోంది. ముందు పళ్ల మధ్య సందు ఉండటం వల్ల 'స' అన్నప్పుడు సన్నగా గాలి పోతుంది. పెద్ద పాత్రలకు అది పనికిరాదు, చిన్నవాటికి ఎవరూ పట్టించుకోరు. బస్సులో ఆమెకు ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెప్పాడు. పిలిచే ముందు మనిషిని చూడాలె. చూసినట్టు ఒక ఊపిరి తీసుకోవాలె. తర్వాతనే మాట.

ఆమె లోపల ఉన్నంతసేపు ఆయన బయట బెంచీ మీద కూర్చుని టీ తాగాడు. బయటికొచ్చాక బాగా అయిందా అని మాత్రం అడిగాడు. బాగైందంది. ఏ సినిమా అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

దసరా దాటాక ఒక సాయంత్రం స్రవ్య చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి ఫోను ఆయన ముందు పెట్టింది. ఆ పాత సినిమాను హీరో పుట్టినరోజుకు మళ్లీ విడుదల చేస్తున్నారు. బొమ్మ కొత్తగా కడిగారట, శబ్దం కొత్త పద్ధతిలోకి మార్చారట. అప్పట్లో తీసేసిన సీన్లన్నీ మళ్లీ కలిపారట.

వైకుంఠం ఫోను దగ్గరికి పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. "టీ బండి సీను ఉంటదంటవా?"

"అన్నీ పెట్టిన్రట బాపు."

ఆ వారం ఆయన రాజన్న దగ్గరికి వెళ్లి గడ్డం గీయించుకున్నాడు. పాత ఆటకు గింత సోకేందని రాజన్న అంటే, ఈసారి సినిమాలో తాను లేనన్నాడు. ఎవరున్నారో చెప్పలేదు. బొమ్మ దొరికినంత మాత్రాన మాట దొరికినట్టు కాదని ఆయనకు తెలియంది కాదు. బొమ్మ వేరే రీలు, మాట వేరే రీలు. పనిలో చేరిన కొత్తలోనే నేర్చుకున్న సంగతి. ఈ ఒక్క సినిమా విషయంలో అది తోచలేదు.

వాళ్లు వెళ్లిన హాలు ఇప్పుడు ఎక్కువ రోజులు మూసే ఉంటుంది. కొత్త సినిమాలు మాల్స్‌కు పోతాయి. ఇలాంటి పాతవి పడినప్పుడు కుర్రాళ్లొచ్చి కాగితాలు చింపి ఎగరేసి పోతారు. ఆదివారం మ్యాట్నీ నిండింది. పాట రాగానే ముందు వరసల వాళ్లు సీట్లెక్కి డాన్సు చేశారు. హీరో మాటలను హీరో కంటే ముందు వీళ్లే చెబుతున్నారు. స్రవ్య నవ్వుతూ చెవులు మూసుకుంది. వైకుంఠం రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

స్టేషను వచ్చింది. హీరోయిన్ ఏడుస్తూ నడిచింది. ఈ సీను ఎవరికీ తెలియదు కాబట్టి హాలు కాస్త అణిగింది. కొందరు లేచి సమోసాలకు వెళ్లారు. ఎవరో వెనక నుంచి, సీను ముందుకు జరపమని, "అరే ఆగే బఢావో భాయ్," అని అరిచారు. స్రవ్య ఫోను ఎత్తి రికార్డింగ్ నొక్కింది. ఆమె చేతిని తండ్రి కింద నుంచి పట్టుకున్నాడు, కదలకుండా.

టీ బండి ఆమె తలెత్తింది. ఒక చిన్న ఊపిరి వినిపించింది.

"బిడ్డా."

వైకుంఠం కళ్లు మూసుకున్నాడు. సుశీలే. వంటింట్లోంచి, గుమ్మంలోంచి, ఆసుపత్రి మంచం మీంచి అన్నట్టే. "ఏడిస్తె" దగ్గర సన్నగా గాలి పోయింది. ఆయన కళ్లు తెరిచాడు. "నేనొస్త నీయెంట" దగ్గర మళ్లీ పోయింది. కొత్త శబ్దం కాబట్టి ఆ గాలి హాలు నాలుగు మూలలా స్పష్టంగా వినిపించింది.

పక్కన స్రవ్య ఏడుస్తోంది. ఫోను ఇంకా ఎత్తే పట్టుకుంది. తెర మీద వేరే సీను వచ్చినా దించలేదు. కాసేపటికి ఆయన వైపు వంగింది.

"గిదేనా బాపు?"

తెర మీద ఫైటు మొదలైంది. కుర్రాళ్లు లేచారు. ఆయన తల ఊపాడు.

ఇంటికొచ్చాక, స్రవ్య స్నానానికి వెళ్లినప్పుడు, డానియేలుకు ఫోను చేశాడు. ఆయన జీవితంలో మొదటిసారి అడిగాడు, ఆ పాత్రకు ముందు ఎవరు చెప్పారని కాదు, ముందు చెప్పింది ఏమైందని. డానియేలుకు సుశీల సంగతి తెలియదు. తెలిసినంత వరకు చెప్పాడు. చెన్నైలో ఏదో ల్యాబులో ఆ సీన్ల బొమ్మ దొరికింది, శబ్దం దొరకలేదు. హీరో హీరోయిన్ల మాటలు కంప్యూటర్‌తో చేశారు. వాళ్ల గొంతు మిగతా సినిమా అంతా ఉంది కదా, దాని నుంచి తీసుకున్నారు. చిన్న పాత్రలకు ఆ వీల్లేకపోయింది.

"టీ బండి ఆమె గొంతు యాడా ఇంకో ముక్క లేదన్నా," అన్నాడు డానియేలు. "ఉంటె గదాన్ని బట్టి జేస్తుండె. అందుకే మనిషిని తెమ్మన్న. ఏమైంది?"

ఏం లేదని వైకుంఠం ఫోను పెట్టేశాడు.

స్రవ్య తల తుడుచుకుంటూ వచ్చి, రికార్డు చేసింది మళ్లీ విన్నది. అన్నం పెడుతూ విన్నది. పడుకునే ముందు ఆ ముక్కను తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, కింద "మా అమ్మ" అని రాసింది. దుకాణంలో వాళ్లు, ఇంటర్ స్నేహితులు గుండె బొమ్మలు పంపారు. ఎవరో స్రవ్య గొంతు కూడా అచ్చం ఇలాగే ఉంటుందన్నారట. అది ఆయనకు చూపించింది. ఆయన చూశాడు. రేపు చెప్పాలనుకున్నాడు. పొద్దున ఆమె అద్దం ముందు జడ వేసుకుంటూ, "బిడ్డా" అని తనలో తాను అనుకుని చూసుకోవడం విన్నాక రేపు కూడా కాదనుకున్నాడు.

ఆ సాయంత్రం అమల వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, చెప్పులతోనే గుమ్మం బయట నిలబడింది. స్రవ్య ఫోను నంబరు ఆమె దగ్గర ఉంది, స్రవ్య అక్కడే జాకెట్లు కుట్టిస్తుంది కదా. స్టేటస్ చూసింది. మధ్యాహ్నం నుంచి మిషను ముందు కూర్చున్నా ఒక్క కుట్టూ పడలేదట.

"నాకు తెల్వదన్నా," అంది నెమ్మదిగా. "బండి కాడ ఆమె బొమ్మ సూపెట్టి జెప్పమన్నరు. సుశీలక్కదని తెలిస్తె జెప్తుంటినా? నీకన్నా జెప్పకపోతి. నువ్వే వద్దంటివి గద."

"నీ తప్పు లేదు. మెల్లగ మాట్లాడు."

"పిల్ల అమ్మ అని రాసుకున్నదన్నా. నేనెట్ల ఊకుండాలె?"

వైకుంఠం వెనక, లోపలి తలుపు దగ్గర స్రవ్య నిలబడి ఉంది. టీ పోయడానికి గ్లాసు చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో వాళ్లిద్దరికీ తెలియలేదు. ఆమె గ్లాసును గోడ పక్కన కింద పెట్టింది, జాగ్రత్తగా, చప్పుడు కాకుండా.

"అక్కా," అంది, "బిడ్డా అనేముందట ఊపిరి తీసుకుంటవు సూడు. గది ఎవరు నేర్పిన్రు?"

అమల వైకుంఠం వైపు చూసింది. చూపే జవాబు. చెంగుతో మొహం తుడుచుకుని, జాకెట్లు ఎల్లుండి ఇస్తానని, ఎవరూ అడగని మాట ఒకటి చెప్పి వెళ్లిపోయింది.

స్రవ్య మంచం మీద కూర్చుంది. ఫోను తీసి స్టేటస్ చెరిపేసింది. రికార్డు చేసింది మాత్రం చెరపలేదు, తెరిచి అలాగే పట్టుకుంది.

"హాల్ల నువ్వు తల ఊపినవ్."

"ఊపిన."

"నీకప్పటికే తెల్సా?"

"ఏడిస్తె అన్నప్పుడు తెల్సింది."

ఆమె కోప్పడుతుందని ఆయన ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండుననిపించింది. ఆమె ఫోను పక్కన పెట్టి, కాళ్లు పైకి ముడుచుకుని, చిన్నప్పుడు పెళ్లి క్యాసెట్ ముందు కూర్చున్నట్టు ఆయనకు ఎదురుగా జరిగి కూర్చుంది.

"అక్కకు నువ్వే గద నేర్పినవ్. నాకు గూడ జెప్పు. అమ్మ ఎట్లన్నదో గట్లనే. నీ గొంతుతోనే జెప్పు, నేను సమజ్ జేస్కుంట."

వైకుంఠం కుర్చీలో ముందుకు జరిగాడు. మైకు ముందు నిలబడేటప్పటిలా గొంతు సవరించుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఈ మాట ఆయన చెవిలో ఉంది. సీను తీసేసినా, మనిషి పోయినా అది చెడలేదు. పనిలేని రోజుల్లో, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఊరికే ఒకసారి తలుచుకుని వినేవాడు. ఇప్పుడు తలుచుకున్నాడు. ఊపిరి వచ్చింది. దాని వెనక "బిడ్డా" వచ్చింది. దాని వెనక సన్నగా, పళ్ల సందులోంచి గాలి వచ్చింది.

ఆగి మళ్లీ మొదటి నుంచి తలుచుకున్నాడు. వంటింట్లో సుశీలను తలుచుకున్నాడు. పాలవాణ్ణి పిలుస్తున్న సుశీలను, తనను పిలుస్తున్న సుశీలను. ఆమె నోరు కదులుతోంది. అమల మాట్లాడుతోంది.

"జెప్పు బాపు," అంది స్రవ్య.

ఆయన ఊపిరి తీసుకున్నాడు, అప్పుడే ఎవరినో చూసినట్టు. మాట రాలేదు. మళ్లీ తీసుకున్నాడు. స్రవ్య కళ్లార్పకుండా ఆయన నోటి వైపే చూస్తూ కూర్చుంది.