సగం సినిమా దర్జీ

ఆ వీధిలో ఆయన్ని దర్జీ అని పిలిచేవాళ్ళు తక్కువ. 'సగం సినిమా' అంటే మాత్రం పాలవాడి దగ్గర్నుంచి పోస్ట్‌మ్యాన్ దాకా అందరూ మేడమెట్ల కింద ఉన్న ఇరుకు కొట్టు వైపే చెయ్యి చూపిస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. సినిమా బాగాలేకపోతే మధ్యలో లేచి వచ్చేయడం ఆయనకి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. పోనీ సినిమాలు చూడడం మానేస్తాడా అంటే అదీ లేదు. కొత్త బొమ్మ పడిందంటే చేతిలో కత్తెర పక్కన పెట్టి వెళ్ళాల్సిందే. వెళ్ళాలి, లేచి రావాలి. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఆయనది ఎవరికీ నష్టం లేని పిచ్చి.

లేచి రావడంలోనూ ఆయనకో పద్ధతుంది. హాల్లో కూర్చుని సణగడు, పక్కవాడి చెవి కొరకడు. తెర మీద వ్యవహారం చెడిందని తోచినా కాసేపు ఓపిక పడతాడు. కథకి కూడా తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వాలంటాడు. ఇక బాగుపడే ఆశ లేదని తేలాక కళ్ళద్దాలు తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. అదే గుర్తు. ఆ తర్వాత వెనకవాళ్ళకి అడ్డం రాకుండా నడుం వంచి, మోకాళ్ళు తగిలినవాళ్ళందరికీ మెల్లిగా సారీ చెప్పుకుంటూ బయటపడతాడు.

కుట్టు దగ్గరా అంతే. చంక కింద పట్టేస్తోందని తెలిశాక, ఎవరు చూడొచ్చారులే అని గుండీలు కుట్టేసి చేతిలో పెట్టే రకం కాదు. తొడుక్కున్న మనిషి అద్దం ముందు మురిసిపోతున్నా సరే, "విప్పండి" అంటాడు. బాగా కుదిరితే ఏమీ అనడు. తలూపి, మడత పెట్టి ఇచ్చేస్తాడు. ఆయన నోట 'బాగుంది' అన్న మాట విన్న మనిషి ఆ వీధిలో లేడు.

ఇలాంటాయనకి దొరికిన భార్య పూర్తిగా వేరు. ఎంత దిక్కుమాలిన సినిమా అయినా తెర మీద ఆఖరి పేరు వెళ్ళిపోయేదాకా ఆవిడ కుర్చీ వదలదు. అంతమంది కష్టపడి తీస్తే చివరిదాకా కూర్చోకపోవడం మర్యాద కాదంటుంది. కొత్తలో దీని మీద ఇద్దరికీ బాగానే మాటామాటా అయింది. చివరికి ఎవరిష్టం వాళ్ళదని రాజీపడ్డారు. కూతురు పుట్టి, నడక వచ్చి, సినిమాకి రావడం మొదలుపెట్టాక ఆ పిల్ల ఎవరి పక్షమన్న ప్రశ్న వచ్చింది. పిల్ల ఆలోచించనైనా లేదు, వెళ్ళి నాన్న వేలు పట్టుకుంది.

నాన్న కళ్ళద్దాలు జేబులోకి వెళ్ళడం ఆలస్యం, ఆ పిల్ల సీటు కింద చెప్పులు వెతుక్కునేది. అక్కణ్ణుంచి ఇంటిదాకా నడక. ఆ నడకలో మిగతా సినిమా వీళ్ళిద్దరే అల్లుకోవాలి, అదీ ఆట. తండ్రి ఒక ముక్క చెబితే పిల్ల ఇంకో ముక్క అతికించేది. ఒకసారి విలన్‌ని ఎలా ఆపాలో తోచక పిల్ల వాడికి జలుబు తెప్పించింది. ముక్కు కారుతున్నవాడు పగేం తీర్చుకుంటాడని తండ్రి కూడా ఒప్పుకున్నాడు.

తల్లి తర్వాత తీరిగ్గా ఇల్లు చేరేది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆవిడ అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"మీరేం చేశారు కథని?"

వీళ్ళు చెప్పేవారు. తర్వాత ఆవిడ అసలు ముగింపు చెప్పేది. రెండిటిలో ఏది మేలో తేల్చడం కూడా ఆవిడ పనే. "మీదే బాగుంది" అని తల్లి అన్న రోజున ఆ పిల్ల కాలు నేల మీద నిలిచేది కాదు.

అలా పెరిగిన పిల్ల సినిమాలకి కథలు రాసే పనిలోకి వెళ్ళడంలో వింతేముంది? చాలాకాలం వేరేవాళ్ళ కథలకి మాటలు రాసింది. ఇన్నాళ్ళకి తన కథ, తన పేరుతో సినిమా అయింది. అదేం కథో మాత్రం ఇంట్లో పెదవి విప్పలేదు. ముందే చెబితే నాన్న విప్పెయ్యమంటాడని నవ్వేసింది. నవ్వుతూ అన్న మాటే అయినా ఆ తండ్రికి అది ముల్లులా గుచ్చుకుంది. నా పిల్ల నాకు భయపడుతోందా అని రెండు రోజులు మిషను తొక్కుతూ అదే ఆలోచించాడు. వీధిలోవాళ్ళు మాత్రం ఊరుకుంటారా? ఈసారైనా మొత్తం చూస్తావా మావా అని కొట్టు ముందు ఆగి మరీ ఆటపట్టించారు. భార్య ఆటపట్టించలేదు, విడుదలకి ముందు రాత్రి నేరుగానే చెప్పింది.

"ఏమండీ, రేపు మధ్యలో లేచారంటే అది తట్టుకోలేదు."

ఆవిడ చెప్పనక్కర్లేదు. ఆయన అప్పటికే నిశ్చయించుకున్నాడు. ఆకాశం విరిగి మీద పడినా రేపు కుర్చీ వదలకూడదు.

మధ్యాహ్నం ఆట. తల్లి ఒక పక్క, తండ్రి ఒక పక్క, మధ్యలో కూతురు. కథ ఇద్దరు అక్కచెల్లెళ్ళది. ఇద్దరూ కలిసి ఇస్త్రీ కొట్టు నడుపుతుంటారు, కానీ ఏళ్ళ తరబడి ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే బట్టలు తెచ్చినవాళ్ళతో చెప్పడమే. "బొగ్గులు అయిపోయాయని ఆవిడకి చెప్పండి" అని అక్క అంటే, చెయ్యి దూరంలో ఉన్న చెల్లెలు "నిన్ననే తెచ్చానని చెప్పండి" అంటుంది. మధ్యలో చొక్కా పట్టుకున్న పెద్దమనిషి ఇటూ అటూ తల తిప్పుతుంటాడు. హాలంతా నవ్వింది. దర్జీ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇంకేం భయం లేదనుకున్నాడు.

సరిగ్గా ఇంటర్వెల్ ముందు ఒక లారీ వచ్చి చెల్లెల్ని గుద్దేసింది. చెల్లెలికి గతం మొత్తం చెరిగిపోయింది. దీపాలు వెలిగాయి. కూతురు ఆయన వైపు తిరిగి, ఎలా ఉంది నాన్నా అని అడిగింది.

"బాగుంది" అన్నాడు దర్జీ.

కూతురు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఆయనకి అర్థం కాలేదు. సంతోషించాల్సిన పిల్ల ఎందుకిలా అయిపోయిందని మనసులో మథనపడ్డాడు. బహుశా సరిగ్గా వినపడలేదేమోనని మళ్ళీ ఒకసారి, ఇంకొంచెం గట్టిగా, చాలా బాగుందన్నాడు.

రెండో సగం మొదలైంది. డాక్టర్లు వచ్చారు, దొంగ మేనమామ వచ్చాడు, కోర్టు వచ్చింది. దర్జీ ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. అలవాటు చొప్పున ఆయన చెయ్యి కళ్ళద్దాల మీదకి వెళ్ళింది. తీశాడు కూడా. పక్కన కూతురు ఊపిరి బిగపట్టి ఆ చేతి వైపే చూస్తోందని అప్పుడు తెలిసింది. గబగబా చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టేసుకుని, తెరకేసి కళ్ళప్పగించాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు.

కూతురు లేచింది. నడుం వంచి, మోకాళ్ళు తగిలినవాళ్ళకి సారీ చెప్పుకుంటూ వెళ్ళిపోయింది. భార్య ఖాళీ కుర్చీ మీదుగా వంగి ఆయన మోచేతిని పొడిచి, వెళ్ళండి, నేను చూసి వస్తానంది.

నడవలో పోస్టర్ల కింద బల్ల మీద కూర్చుని ఉంది కూతురు. ఏడుస్తుందేమోనని భయపడుతూ వచ్చాడు గాని, ఏడవడం లేదు. ఆయన వంక చూడకుండానే అడిగింది.

"అంత చెడిపోయిందా నాన్నా?"

"బాగుందన్నాను కదా తల్లీ."

"అందుకే అడుగుతున్నా."

ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఇంకొకళ్ళ సినిమా అయితే లారీ దగ్గరే లేచేవాడివి. నాది కాబట్టి జాలిపడి కూర్చున్నావు. రాస్తున్నప్పట్నుంచీ అందరూ బాగుందనే అన్నారు. నాకే నమ్మకం లేదు. నువ్వొక్కడివైనా నిజం చెప్తావు కదా అని ఇవాళ్టిదాకా ఆగాను. నువ్వు కూడా బాగుందంటే ఇంక నేనెవర్ని అడగను?"

కన్నబిడ్డని నొప్పించకూడదని బతుకులో మొదటిసారి చెప్పిన అబద్ధం తిన్నగా వెళ్ళి ఆ బిడ్డకే తగిలింది. దర్జీకి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ప్రేమ ముంచుకొచ్చింది. కళ్ళద్దాలు తీశాడు. మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

కూతురు అది చూసి లేచి నిలబడింది.

ఇద్దరూ ఎండలోకి వచ్చి గోడవార నీడ పట్టుకుని నడిచారు. మలుపు తిరిగాక దర్జీ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు.

"వాళ్ళని మాట్లాడించడం చేతకాక లారీ కింద పడేశావు తల్లీ."

కూతురు నడివీధిలో ఆగిపోయి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఎన్నిసార్లు రాసినా ఆ అక్కచెల్లెళ్ళు పెదవి కదపలేదని, ఒకరి ముందు ఒకరు ఎలా తగ్గుతారో తనకి తట్టనే లేదని, గడువు ముంచుకొచ్చి లారీని పిలిచానని చెప్పుకుంది. సరే, లారీని వెనక్కి పంపించేద్దామన్నాడు తండ్రి. పంపించేశారు. మేనమామని, కోర్టుని కూడా సాగనంపారు. మళ్ళీ ఆ ఇస్త్రీ కొట్టే మిగిలింది, ఆ ఇద్దరే మిగిలారు. జోరున వాన పెడదామని తండ్రి అన్నాడు. వానలో బట్టలు తెచ్చేవాళ్ళు ఉండరు కాబట్టి మధ్యలో మాట అందించే మనిషే ఉండడు. కూతురికి ఆ వాన నచ్చింది. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం ఇల్లు చేరినా ఇద్దరికీ తోచలేదు.

తల్లి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. గుమ్మంలో నిలబడి, జనమంతా వెళ్ళిపోయాక కూడా ఉండి చివర్లో నీ పేరు చదువుకునే వచ్చానంది కూతురితో. ఆ సినిమా ముగింపు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పులు విడుస్తూ ఎప్పటిలాగే అడిగింది.

"మీరేం చేశారు కథని?"

దర్జీ కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ మెల్లిగా మొదలుపెట్టింది. వాన. కొట్లో ఎవరూ లేరు. చెల్లెలు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని అక్క చూస్తూనే ఉంది. చెప్పి పంపడానికి మనిషి లేడు. చాలాసేపు అయ్యాక చేతిలో ఉన్న ఇస్త్రీ పెట్టెని కింద పెట్టి, దానితోనే అంది.

"అది భోంచేసిందో లేదో కనుక్కో."

అంతవరకు చెప్పి కూతురు ఆగింది. "చెల్లెలు ఇస్త్రీ పెట్టె వంక చూడదు అమ్మా. అక్క వంకే చూస్తుంది. నువ్వు తింటే నేనూ తింటానంటుంది."

తల్లి చెంగుతో కళ్ళొత్తుకుంది. మీదే బాగుందని అంది. కూతురు మాత్రం తండ్రి మొహం వైపే చూస్తోంది.

దర్జీ ఏమీ అనలేదు. తలూపాడు.