రెండు నోళ్లు, నాలుగు చెవులు

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. సెల్ టవర్ల పని చేసేవాణ్ణి. గాలిలో ఏ మాట పోయినా దాని వెనక ఒక మెషీన్ ఉంటుంది, అంతే. ఇప్పటికీ అదే నమ్ముతాను. ఒక్క సంగతి దగ్గరే లెక్క కుదరలేదు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న పాత బిల్డింగ్ మీద మా పని. సెల్లార్‌లోంచి ఫోన్ చేస్తే అవతలివాళ్ల మాట వినబడేది, మన మాట మాత్రం అవతలికి పోయేది కాదు. అందుకని పైన టవర్‌కున్న సిగ్నల్ పెట్టె, మా భాషలో రేడియో, మారుస్తున్నాం. పాతదానికి సిగ్నల్ పంపే దారులు రెండు, అందుకునేవీ రెండే. కొత్తదానికి పంపేవి రెండు, అందుకునేవి నాలుగు.

"టవర్ గొంతు మస్తుగుంటది. పాపం ఫోన్ గొంతే సన్నం. గందుకే దీనికి రెండు నోళ్లు, నాలుగు చెవులు," అనేవాడు సలీం భాయ్. నాకు పని నేర్పింది ఆయనే. ఆస్తమా ఉంది, మెట్లంటే భయం.

ఆ మధ్యాహ్నం టెస్ట్ కాల్స్ కోసం మా ఇద్దరి ఫోన్లూ టెర్రస్ పిట్టగోడ మీద పెట్టుకున్నాం. రేడియో ఇంకా ఆన్ చెయ్యలేదు. కొత్త చెవులకు బిగించాల్సిన కేబుళ్లు సెల్లార్‌లో వ్యాన్‌లో ఉన్నాయని సలీం భాయ్ లిఫ్ట్ ఎక్కాడు. అంతలో కరెంటు పోయింది.

నా ఫోన్ మోగింది. సలీం భాయ్ పేరే.

"రమేశ్, లిఫ్ట్‌ల ఇరుక్కున్న. దమ్ము ఆడ్తలేదు. జర జల్ది రా బేటా."

ఫోన్ జేబులో పడేసుకుని మెట్ల మీదుగా పరుగెత్తాను. వాచ్‌మన్, నేను కలిసి సెల్లార్‌లో లిఫ్ట్ తలుపు లాగితే ఆయన నేల మీద కూలబడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. వ్యాన్‌లోంచి ఇన్‌హేలర్ తెచ్చి నోట్లో పెట్టాను.

ఊపిరి కుదుటపడ్డాక అడిగాడు: "నీకెట్ల తెలిసిందిరా?"

"నువ్వే ఫోన్ చేస్తివి కద భాయ్."

"మజాక్ చెయ్యకు. నా ఫోన్ పైన పిట్టగోడ మీదనే ఉన్నది కద."

కరెంటు వచ్చాక పైకి వెళ్లి చూశాం. ఆయన ఫోన్ పిట్టగోడ మీద అలాగే ఉంది. అందులో నాకు కాల్ చేసినట్టు లేదు. నా ఫోన్‌లో మాత్రం ఆయన కాల్ వచ్చినట్టు ఉంది. ఫోన్ పాడైందని అనుకుందామంటే, మరి ఆ గొంతు?

నేను విన్న మాటలు చెప్పాను.

"గవే మాటలు రమేశ్. కని నేను నోరు తెరిచి ఒర్రలే. ఒర్రెతందుకు దమ్మేడిది? లోపల్లోపలనే నిన్ను పిలిచిన."

ఆ సాయంత్రమే కేబుళ్లు బిగించాం. ఇప్పుడు ఆ సెల్లార్‌లోంచి ఎవరు మాట్లాడినా వినబడుతుంది. అవి లేనప్పుడు, ఫోన్ కూడా లేని మనిషి మాట నాకెలా వినబడిందో ఇప్పటికీ తెలియదు.