ట్రక్ తలుపు మూసేలోగా

నా చిన్నప్పుడు, ఒక వేసవి రోజున, మా ఇల్లు మొత్తం అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయింది. అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్ళో మేం అద్దెకున్న ఇల్లది. నాకు పదేళ్ళు, తమ్ముడికి నాలుగు. విమానాలు గుద్ది జంట టవర్లు కూలిన మరుసటి వేసవి. నాన్న పనిచేసే కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో మనుషుల్ని తీసేస్తూ నాన్ననీ తీసేశారు. ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉన్నారు. చివరికి ఉద్యోగం అమ్మకి వచ్చింది. అమ్మ ఫిజియోథెరపిస్టు. జర్మనీలో ఉన్న ఒక అమెరికన్ ఆర్మీ బేస్ ఆసుపత్రిలో, యూనిఫాం లేని మామూలు ఉద్యోగిగా తీసుకున్నారు. బేస్ లోపలే ఇల్లు, బేస్ లోపలే మా బడి. ఫలానా తేదీకి వచ్చి చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని కాగితంలోనే రాసుంది. ఆ ఒక్క వాక్యం అమ్మ రోజుకొకసారైనా పైకి చదివేది.

పెద్దవాళ్ళకి ఆ తేదీ అంటే భయం. నాకు బేస్ అంటేనే భయం. దాని చుట్టూ ముళ్ళకంచె ఉంటుందని, గేటు దగ్గర తుపాకులు పట్టుకుని నిలబడతారని మా క్లాసులో ఒక అమ్మాయి చెప్పింది. ఎవరైనా బాంబు వేస్తే ముందు వేసేది బేస్ మీదే అని ఇంకో అబ్బాయి ఎంతో తెలిసినట్టు చెప్పాడు. అసలే ఆ ఏడాది మా ఇంట్లో అందరం బెదిరి ఉన్నాం. నాన్న ఉన్నట్టుండి ఒకరోజు గడ్డం గీసేసుకున్నారు. అమ్మ కారు అద్దానికి చిన్న అమెరికన్ జెండా అంటించింది. ఎందుకని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఆ తుపాకుల గేటు దగ్గర మమ్మల్ని లోపలికి రానిచ్చి నాన్నని మాత్రం బయటే ఆపేస్తారేమోనని నాకు బెంగ. చెబితే చిన్నపిల్లవి నీకెందుకంటారని, ఆ బెంగ నాలోనే ఉంచుకున్నాను.

సామాను సర్దే రోజుకి సాయంగా టెక్సస్ నుంచి మా చిన్న తాతయ్య వచ్చారు. నాన్నకి సొంత బాబాయ్. మా వాళ్ళలో ఈ దేశానికి అందరికంటే ముందొచ్చిన మనిషి. ముప్పై ఏళ్ళు సర్జన్‌గా చేసి రిటైరయ్యారు గానీ ఆ అలవాట్లు ఆయన్ని వదల్లేదు. భోజనానికి ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. కూర తరిగితే ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండేవి. మాట తక్కువ, అది కూడా నెమ్మదిగా. వచ్చిన దగ్గర్నుంచి ఒక అట్టకి కాగితం తగిలించుకుని, పెన్ను చెవి మీద పెట్టుకుని, గది గదికీ తిరిగి ఏదో రాసుకుంటున్నారు. అమ్మకి ఆయనంటే గౌరవం, కాస్త విసుగు కూడా.

పొద్దున్నే ముగ్గురు ప్యాకర్లు వచ్చారు. వాళ్ళని పంపింది గవర్నమెంటే, కాబట్టి ఖర్చు మాది కాదు. పద్ధతి కూడా మాది కాదు. కంటికి కనపడిందల్లా కాగితంలో చుట్టి పెట్టెలో పడేయడమే వాళ్ళ పని. వంటింట్లో చెత్తబుట్టని చెత్తతో సహా కట్టేశారు. తమ్ముడు సగం తిని బల్ల మీద పెట్టిన బిస్కెట్ కూడా జర్మనీకి బయలుదేరింది. ఈ సామానంతా ఓడలో వెళ్ళి మాకు చేరేసరికి రెండు నెలలు పడుతుంది. మా విమానం నాలుగు రోజుల్లో. అందుకని కట్టకూడనివన్నీ ఒక గదిలో పెట్టి తలుపు మూసుకోమని వాళ్ళ మేస్త్రీ ముందే చెప్పాడు. అమ్మ తన బాత్రూమ్‌ని అందుకు కేటాయించింది. సూట్‌కేసులు, మందులు, నలుగురి పాస్‌పోర్టులూ అమ్మ ఉద్యోగం కాగితాలూ ఉన్న పసుప్పచ్చ కవరు, అన్నీ అందులోనే. ముట్టుకోవద్దని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఆ తలుపు మీద అంటించింది నేనే.

మా ఇంట్లో ఏ ముఖ్యమైన కాగితమైనా ముందు దేవుడి దగ్గర పెట్టాల్సిందే. తువ్వాళ్ళు పెట్టుకోవడానికని హాల్లో కట్టిన అలమర మాకు దేవుడి గది. ఆ రోజు పొద్దున అమ్మ కవరు నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టి, పటాల ముందు ఓ పావుగంట ఉంచి, తీసి బాత్రూమ్‌లో పెట్టేసింది. నాకది చాలదనిపించింది. నాన్న రెజ్యూమె అదే అలమరలో రెండు రోజులుంచితే ఏ ఉద్యోగమూ రాలేదు కదా, ఇంత పెద్ద ప్రయాణానికి పావుగంట ఏ మూలకి? ఎవరూ చూడకుండా బాత్రూమ్‌లోకి వెళ్ళి కవరు తెచ్చాను. వెంకటేశ్వరస్వామి పటం వెనక దూర్చి, గేటు దగ్గర నాన్నని ఆపకుండా చూడు స్వామీ అని దణ్ణం పెట్టుకున్నాను. భోజనం కాగానే తీసి మళ్ళీ దాని చోట పెట్టేద్దామనుకున్నాను.

పక్కింటి ఆంటీ మా అందరికీ పులిహోర చేసి వాళ్ళింటికి పిలిచింది. తిని తిరిగొచ్చేసరికి అలమర బోసిగా ఉంది. పటాలు, దీపపు కుందులు, ఆఖరికి అగరొత్తులు కాలిపోగా మిగిలిన పుల్లలతో సహా ఏదీ లేదు. హాల్లో ఒకేలాంటి పెట్టెలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. ఇద్దరు మనుషులు వాటిని ఒక్కొక్కటే ఎత్తి ట్రక్‌లోకి ఎక్కిస్తున్నారు.

అప్పుడే చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో అయిపోయేది. అమ్మ ఫోన్‌లో ఉంది, పెట్టేశాక చెబుదామనుకున్నాను. పెట్టేసింది, కానీ మొహం చిరాగ్గా ఉంది, కాస్త ఆగుదామనుకున్నాను. నేను ఆగుతున్న కొద్దీ గోడ దగ్గర పెట్టెలు తరిగిపోతున్నాయి. నోరెండిపోయింది. ఎంత ఆలస్యమైతే అంత పెద్ద తప్పవుతోందని తెలుస్తోంది, అది తెలిసేకొద్దీ నోరు ఇంకా పెగలడం లేదు. తమ్ముడితో ఖాళీ పెట్టెలో దూరి ఆడుతున్నట్టు నటించాను. రెండు గంటలు అలా గడిచాయి.

చివరి పెట్టెలు వెళ్తుండగా అమ్మ బాత్రూమ్‌లోంచి బయటికొచ్చింది. కవరు కనిపించడం లేదంది. నాన్న జిరాక్స్ తీయించడానికి పట్టుకెళ్ళారనుకుంది అమ్మ. అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుందనుకున్నారు నాన్న. ఇద్దరూ సూట్‌కేసులన్నీ కుమ్మరించారు. కవరు లేదు. గొంతు పెంచకుండానే గొడవ మొదలైంది. ఆ ఎనిమిది నెలల్లో ఒకరితో ఒకరు అననివన్నీ అప్పుడు అనుకున్నారు. చివరికి అమ్మ అంది, "మీకు నా వెనకాల రావడం ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది."

నాన్న గోడకి ఆనుకుని అలాగే కార్పెట్ మీద కూర్చుండిపోయారు. తప్పు నాది, దెబ్బ నాన్నకి తగిలింది. అది చూస్తూ కూడా నాకు నోరు రాలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

చిన్న తాతయ్య నెమ్మదిగా బయటికి వెళ్ళి, ట్రక్ తలుపు మూయొద్దని మేస్త్రీకి చెప్పొచ్చారు. అమ్మని, నాన్నని, నన్ను, తమ్ముణ్ణి కుర్చీలు లేని హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి, తనూ మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఆపరేషన్ పూర్తయ్యి పొట్ట కుట్టేసే ముందు నర్సు గుడ్డముక్కలన్నీ లెక్కపెడుతుందని చెప్పారు. లోపలికి ఎన్ని వెళ్ళాయో అన్నీ బయటికి రావాలి. ఒకటి తగ్గినా కుట్టడం ఆపేయాలి. ఎంత పెద్ద డాక్టరైనా సరే, చేతులు పైకెత్తి నిలబడాలి. అది వెతికే పద్ధతికి ఒక్కటే నియమం అన్నారు. ఎవరు అనే మాట ఆ గదిలో వినపడకూడదు.

తర్వాత తన సంగతి చెప్పారు. ఈ దేశం వచ్చిన కొత్తలో, ఇంకా నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక ఆపరేషన్‌లో లెక్క తప్పిందట. పై డాక్టరు కేకలేస్తున్నాడు. రక్తం ఆగడం లేదని అంతకుముందు లోపల ఒక ముక్క అదనంగా దోపింది ఈయనే. చెబితే ఇంటికి పంపేస్తారేమోనని బిగుసుకుపోయారు. బల్ల మీద మనిషి అలా తెరిచే ఉన్నాడు. పది నిమిషాలు అలా నిలబడిపోయారట. అప్పుడు ఒక పెద్ద వయసు నర్సు, ఎవరి వంకా చూడకుండా, అది ఎక్కడ ఉండొచ్చో అని గదిలో అందరినీ వరసగా అడగడం మొదలుపెట్టింది. ఈయన వంతు రాగానే, ఎక్కడుందో చెప్పేశారు. ఆ పది నిమిషాలకి ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేదని తాతయ్య అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ వింటోంది. ఆయన జీవితంలో అలాంటిది ఒకటుందని నాన్నకి కూడా అప్పటిదాకా తెలియదు.

"మన లెక్క తప్పింది. ట్రక్ క్లోజ్ చేయలేదు. ఎవరని నేను అడగను, ఎక్కడ అని మాత్రం అడుగుతాను," అన్నారు.

ముందు తమ్ముణ్ణి అడిగారు. గుడ్డముక్క తన దగ్గర లేదని వాడు చాలా గంభీరంగా చెప్పాడు. తాతయ్య నవ్వకుండా అది కాగితం మీద రాసుకున్నారు. నాన్నని అడిగారు, రాసుకున్నారు. అమ్మని అడిగారు, రాసుకున్నారు. నా వంతు వచ్చింది. ఆయన నా వైపు తిరగలేదు. తల వంచుకుని, పెన్ను కాగితానికి ఆనించి, రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు.

"పటం వెనక," అన్నాను.

"ఏ పటం?"

"వెంకటేశ్వరస్వామి పటం, తాతయ్యా. హాల్ అలమరలోది."

అమ్మ చటుక్కున నా వైపు తిరిగింది. తాతయ్య ఆవిడ వైపు అరచెయ్యి చూపించి ఆపి, నేను చెప్పింది పూర్తిగా రాసుకుని లేచారు. ప్యాకర్లు ప్రతి పెట్టెకీ ఒక నంబరు వేసి, అది ఏ గదిదో, అందులో ఏముందో రాసిపెట్టుకున్నారు. హాల్ అలమర అని, పటాలు అని రాసిన పెట్టెలు మూడు ఉన్నాయి. అప్పటికే అవి ట్రక్ లోపల చివరికి చేరిపోయాయి. మేస్త్రీ గొణుక్కున్నాడు గానీ కాదనలేదు. ఆ ఎండలో సోఫా దించారు, మంచాలు దించారు, మా సామాను సగం మళ్ళీ వీధిలోకి వచ్చింది. నాన్న కూడా వాళ్ళతో కలిసి మోశారు. మూడో పెట్టెలో, రెండు పటాల మధ్య, తెల్ల కాగితం చుట్టలో కవరు దొరికింది. ఒక మూల బొట్టు చెమ్మకి చెదిరింది, అంతే.

అమ్మ కవరు గుండెలకి హత్తుకుని ఏడ్చింది. తర్వాత ఎందుకు పెట్టావే అని నన్ను పట్టుకుంది. తాతయ్య మధ్యలోకి వచ్చి, "ఆ ప్రశ్న రేపు అడుగుదాం అమ్మాయ్, ఇవాళ అందరం అలిసిపోయాం," అన్నారు. నాన్నని అన్న మాట అమ్మ వెనక్కి తీసుకున్నట్టు నేను వినలేదు. ట్రక్ వెళ్ళిపోయాక పక్కింటి నుంచి ఒక పేపర్ కప్పులో టీ తెచ్చి నాన్న చేతికిచ్చి, పక్కనే కార్పెట్ మీద కూర్చుంది. నాన్న సగం తాగి మిగతాది ఆవిడకిచ్చారు.

మర్నాడు తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకని అడిగారు. ముళ్ళకంచె, తుపాకులు, బాంబులు, గేటు దగ్గర నాన్న, అన్నీ చెప్పేశాను. అలాంటిదేమీ జరగదని ఆయన అనలేదు. నాకు బాగా గుర్తు, అనలేదు. అది విని నాన్నని పిలిచి, నేను చెప్పిందంతా ఆయనకీ చెప్పించారు. టవర్లు కూలాక గడ్డం ఉన్న మనలాంటి మనిషిని చూస్తే జనం అనుమానిస్తున్నారని, అందుకే గడ్డం తీసేశానని నాన్న ఆ రోజు నాకు చెప్పారు. తనకీ ఆ గేటంటే భయంగానే ఉందన్నారు. ఇద్దరం కలిసి భయపడదాం అన్నారు. నాలుగు రోజుల తర్వాత ఆ గేటు దగ్గర నాన్న నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారో. సైనికుడు కాగితాలు చూసి అందరినీ లోపలికి పంపాడు. నాన్న అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

చాలా ఏళ్ళ తర్వాత, నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఒకసారి టెక్సస్ వెళ్ళినప్పుడు తాతయ్యని ఆ రోజు గురించి అడిగాను. నేను ఆ పొద్దున కవరు పట్టుకుని హాల్లోకి వెళ్తుండగా ఆయన చూశారట. అమ్మ కవరు లేదనగానే ఆయనకి అర్థమైపోయిందట. అందుకే ముందు వెళ్ళి ట్రక్ ఆపారు. అయితే మరి మీరే చెప్పేయొచ్చు కదా అన్నాను.

"నేను చెబితే నీ మీద చాడీ చెప్పినట్టుండేది. మీ అమ్మ నిన్ను కొట్టేది. నీ అంతట నువ్వు చెప్పావు కాబట్టే కదా, ఇవాళ నన్ను మొహం ఎత్తి అడుగుతున్నావు," అన్నారు.

నేనిప్పుడు మందుల షాపులో ఫార్మసిస్ట్‌ని. నా చేతుల మీదుగా తప్పు జరిగిందని తెలిసిన క్షణంలో పదేళ్ళప్పటి ఆ నోరెండిపోవడం ఇప్పటికీ వస్తుంది. అది పోతుందన్న ఆశ వదిలేసుకున్నాను. నోరెండినా సరే, లేచి వెళ్ళి చెప్పేస్తాను. ఇంట్లో పిల్లలు ఏదైనా పోగొట్టినప్పుడు, పగలగొట్టినప్పుడు, ఎవరు అనే మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగి ఎక్కడ అని అడుగుతాను. అడిగి, వాళ్ళ మొహాల వైపు చూడకుండా, వాళ్ళు చెప్పేదాకా తల వంచుకుని కూర్చుంటాను. అలా కూర్చోవడం ఎంత కష్టమో, ట్రక్ ఇంజన్ బయట నడుస్తుండగా ఆయన ఎలా కూర్చోగలిగారో నాకిప్పటికీ తెలియదు.