బోర్డు మీద రాయని మాట

1963 జూన్‌లో నన్ను నాంపల్లిలోని ఒక బాలికల పాఠశాలలో తెలుగు టీచరుగా వేశారు. మాది బందరు వైపు. ప్రొబేషన్ రెండేళ్లు, అది ముగిసేముందు ఇన్‌స్పెక్టరుగారి ఎదుట ఒక పాఠం చెప్పి చూపాలి. ఆయనకు నచ్చకపోతే ఉద్యోగం పోవచ్చు. ఇంట్లో జీతం నాదొక్కటే. రెండో ఏడు చివర ఆ రోజు వచ్చింది. ఆ ఉదయం ఆబిడ్స్‌లో బస్సు దిగి బడిదాకా పాఠం వల్లెవేసుకుంటూనే నడిచాను.

ఆరో తరగతి. పాఠం ఒక మహా వాగ్గేయకారుని జీవితం; పాటలు తానే కట్టి తానే పాడినవాడాయన. ముందు కఠిన పదాలు బోర్డు మీద రాసి అర్థాలు చెప్పాలని నియమం. వాగ్గేయకారుడు, ఉంఛవృత్తి, ఆస్థానం అని గుండ్రంగా రాశాను. ఇన్‌స్పెక్టరుగారు వెనక బెంచీలో కూర్చుని నోటుబుక్కు తెరిచారు. పాత హైదరాబాదు మనిషి, ముఖంలో ఏదీ తెలియనివ్వరు.

రాజు కచేరీకి రమ్మని కబురు పంపితే ఆ వాగ్గేయకారుడు వెళ్లననే ఘట్టం వచ్చింది. పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. పాఠం పండిందనుకున్నాను. ఆయన ఎందుకు వెళ్లలేదని ముందు వరసలోని యాదమ్మను అడిగాను.

"భయమైంది టీచర్. కచేరికి పోతే ఉన్న ఇల్లు గూడ పోతది."

ఎవరూ నవ్వలేదు, పైగా ఔనన్నట్టు తలలూపారు. తప్పు, కూర్చో అనబోయేలోగా తనే అడిగింది.

"పోకుంటే పోలీసోల్లు రాలేదా? మా నాయినను ఇయ్యాల కచేరికి పిలిచిన్రు. పోవద్దని అమ్మ ఏడ్సింది."

మా ఇంట్లో కచేరీ అంటే పాటకచేరీయే. బడికి నాలుగడుగుల్లో కోర్టు. ఈ పిల్లల ఇళ్లలో కచేరీ అంటే అదే. ముప్పావుగంటసేపు నేనొక మహానుభావుణ్ణి కోర్టు ఎగ్గొట్టిన ముద్దాయిని చేశాను.

నాలుగో మాటగా కచేరీ అని రాసి, ఇక్కడ దానికి పాట వినే సభ అని అర్థం చెప్పాను.

"మా నాయినను పాడనీకె పిలువలే టీచర్," అని యాదమ్మ మెల్లగా కూర్చుంది.

కఠిన పదాలన్నీ టీచరుకు కఠినమనిపించినవే, పిల్లలు తడబడిన మాట ముందుగా బోర్డు మీద లేదని ఇన్‌స్పెక్టరుగారు రిపోర్టులో రాశారు. ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. కోపమొచ్చింది గాని ఆ వాక్యంలో తప్పు దొరకలేదు. రిటైరయ్యేదాకా నాకు తేలికనిపించిన మాటల్నే ముందు రాసి, మీ ఇంట్లో దీన్నేమంటారని అడిగేదాన్ని.

ఇల్లు నిలిచిందా అని ఆ సాయంత్రం యాదమ్మను అడగాల్సింది. నా ఉద్యోగం ఫికరులో పడి అడగలేదు.