కాళమ్మ ఇచ్చిన జామీను

దీవిలోని బతు బస్తీలో చేపలమ్మే కాళమ్మ నోరంటే మగాళ్ళకు కూడా హడల్. బేరమాడి కొనకుండా పోయేవాడి తాతముత్తాతల దాకా వెళ్ళిపోతుంది. అలాంటి మనిషి ఆ రోజు కోర్టు వరండాలో పెదవి విప్పకుండా నిలబడింది. జోగులు ఇంకా రాలేదు.

జోగులు ఆమెకు చుట్టం కాదు, పక్కం కాదు. అదే జెట్టీ నుంచి వేటకెళ్ళే మనిషి. జెట్టీ మీద గొడవలో ఎవరి తలో పగిలితే కేసులో వాడి పేరూ చేరింది. సరిగ్గా కోర్టులో హాజరు కావాల్సిన పేశీ రోజునే, మంచి ధర పలికే సూరచేపల గుంపు వచ్చిందని కబురందింది. ఇంకేం, పేశీని గాలికొదిలేసి సముద్రం మీద పడ్డాడు! వారెంటొచ్చింది, జైలుకెళ్ళాడు. కొన్నాళ్ళకు బెయిలూ వచ్చింది. ఏం లాభం? జామీను నిలబడే దిక్కు లేక, తేలని కేసుకి నెలల తరబడి లోపలే మగ్గాడు. వాడి సంగతీ, అలాంటివాళ్ళు లోపల ఇంకా ఉన్నారన్న సంగతీ విన్నాక కాళమ్మకు ముద్ద దిగలేదు. తనకున్న ఒకే ఒక్క ఆస్తి, డింగీ బోటు కాగితాలు తీసుకెళ్ళి వాడికి జామీనుగా కోర్టులో పెట్టేసింది.

“సూర కనబడితే ఆడు కన్నతల్లినే మరిసిపోతాడు. నీ డింగీ గోవిందా!” అన్నాడు సత్యారావు. ఆ డింగీ మీద పనిచేసేది అతనే.

“ఓరి, ఈ దీవికి ముందు ఓడెక్కొచ్చినోళ్ళు ఎవుళ్రా? ఖైదీలు కారేటి? ఆళ్ళని ఎవుడూ నమ్మకపోతే ఈ బస్తీలెక్కడివి?” అంది కాళమ్మ.

బయటికొచ్చిన జోగులుకు తన డింగీలోనే పనిచ్చింది. తెల్లారేసరికి తిరిగొచ్చే వేటే కదా అని, పేశీ ముందురోజు సాయంత్రం సత్యారావుతో కలిపి తనే పంపింది. తెల్లారింది. పొద్దెక్కింది. డింగీ జాడ లేదు. సూరలు విరగబడుతున్నాయని పక్క బోటువాళ్ళు చెప్పారు. మళ్ళీ అదే చేప! డింగీ పోతే పోయింది, వాడు మళ్ళీ లోపలికెళితే ఇక ఈ జన్మలో వాణ్ణి నమ్మేదెవరు?

కోర్టులో జోగులు పేరు పిలిచారు. కాళమ్మ కళ్ళు మూసుకుంది. రెండోసారి పిలుస్తుండగా మెట్ల మీద ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు.

“హాజిర్ సాబ్!”

ఉప్పునీళ్ళు కారుతున్న చొక్కాతో జోగులు. వాడి వెనకాలే రొప్పుతూ సత్యారావు.

మరో తారీఖు తీసుకుని బయటికొచ్చాక జోగులు ఆమె ముందు తలొంచుకున్నాడు. “అప్పా, తిట్టు. నీ వల కోసీసినాను.”

ఆమెకు బోధపడలేదు. సత్యారావే చెప్పాడు.

“వల నిండా సూరలప్పా! నా జన్మలో అంత వేట సూడలేదు. లాగుతూ కూకుంటే మజ్జాన్నం దాటిపోద్ది. ఈడు సూరీడికేసి సూసినాడు. ‘ఇయాల తారీఖ్ ఉంది భయ్యా’ అన్నాడు, కత్తి తీసి తాడు కోసీసినాడు. నాను సెయ్యి పట్టుకున్నా ఆగలేదు.”

నిండిన వలను చేతులారా కోసుకున్న వేటగాణ్ణి కాళమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు, వినలేదు. ఆమె అయ్య తుఫానులో కూడా వల వదలని మనిషి, అలా వదలకే పోయాడు. అమ్మో, దీనికెంత గుండె కావాలి! వాడి తడితలను రెండు చేతుల్లోకీ తీసుకుని అలా చూస్తూ ఉండిపోయింది. ఒక్క తిట్టు కూడా నోటికి రాలేదు.

ఆటో ఎక్కాక సత్యారావు ఆమె వైపు తిరిగాడు.

“అప్పా, నా రేకులిల్లు కాగితాలు కోర్టులో పనికొత్తాయా?”

“దేనికిరా?”

“లోపల ఇంకా ఎవుడున్నాడు, జామీను లేక?”